చదరపు గుడ్డ పద్మం అయ్యేదాకా: మ్యాటీ బొమ్మలతో నా రెండు నెలలు

మ్యాటీ అంటే గళ్ళు లెక్కపెట్టి కుట్టే రంధ్రాల నేత గుడ్డ. దాని ముక్కలు కుట్టి, అతికి, దూది కూరి చేసిన నా మొదటి బొమ్మకు 14 గంటలు పట్టింది. అందులో క్రాస్ స్టిచ్, అంటే గడికొక గుణకారపు గుర్తులా వేసే కుట్టు, వేసినది ఎనిమిది గంటలే. మిగతా ఆరు గంటలూ అంచు కట్టడం, అతకడం, విప్పడం, మళ్ళీ అతకడం, దూది కూరడం, నడుమ బొత్తాం బిగించడం. క్రాస్ స్టిచ్ చేతిలో ఉంటే ఇలాంటి చిన్న బొమ్మలు సులువుగా వచ్చేస్తాయని నేను అనుకున్నాను. నేను అడిగిన వాళ్ళూ అదే చెప్పారు. అలా రావు. గుడ్డ మీద కుట్టడం ఒక పని, కుట్టిన గుడ్డను నిలబెట్టడం పూర్తిగా వేరే పని. ఈ రెండో పని గురించి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆగస్టు నెలలో సగం నాకు మిగిలేది. అందుకే తేదీలతో సహా రాసి పెడుతున్నాను.

ఇది మొదలైంది 2025 జులై 20న, హిందూపురంలో. అమ్మకు జూన్‌లో కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయితే చూడటానికి వెళ్ళాను. దుప్పటి కోసం ట్రంకు పెట్టె తెరిచినప్పుడు అడుగున నాలుగు మడతలు వేసిన మ్యాటీ గుడ్డ కనబడింది. అమ్మ పెళ్ళికి ముందు, 1986లో, ఎంబ్రాయిడరీ లోయర్ పరీక్షకు తయారవుతున్న రోజుల్లో మొదలుపెట్టిన టేబుల్ క్లాత్ అది. లేపాక్షి లతా మంటపం స్తంభాల మీద చెక్కిన నమూనాలను గళ్ళ కాగితం మీదికి దించుకుని, చదరానికి ఒక నమూనా చొప్పున కుట్టుకుంటూ పోయిందట. పదహారు చదరాలు కావాలి. ఐదు పూర్తయ్యాయి. ఆరోది హంస. దానికి ఒళ్ళు, మెడ, కన్ను ఉన్నాయి, ముక్కు లేదు, ఒక కాలు లేదు. అక్కడే పెళ్ళి కుదిరింది. కుట్టుతున్న నారింజ రంగు దారం లచ్చి ఆ మడతల్లోనే ఉండిపోయింది.

"తీసుకుపో అమ్మాయీ. ఈ కళ్ళతో నేను ఇంక గళ్ళు లెక్కపెట్టలేను," అంది అమ్మ. మామూలుగానే అంది. నాకే గొంతు పట్టేసింది.

దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించాలని మొదట అనుకున్నాను. ఐదు చదరాలు ఒక మూలకు, మిగతాదంతా ఖాళీ గుడ్డ. గోడ మీద అది ఆగిపోయిన పనిలాగే కనబడుతుంది. అప్పుడు గుర్తొచ్చింది, మా ఆఫీసులో ఒకామె ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్న సూదుల దిండు. రెండు చదరపు ముక్కలే, కాని ఒకదాని మూల రెండోదాని అంచు నడుమకు వచ్చేలా మెలిపెట్టి అతికితే ఎనిమిది మూలల బొమ్మ అవుతుంది. దాన్ని బిస్కోర్ను అంటారు. ఫ్రెంచిలో ఆ మాటకు వంకరటింకరైనది అని అర్థం. దసరాకు అత్తయ్య బెంగళూరులో మా ఇంట్లోనే బొమ్మల కొలువు పెడతారు. సెప్టెంబర్ 22న పాడ్యమి. కొలువు మెట్ల పైన తొమ్మిది రోజులకు తొమ్మిది బొమ్మలు తోరణంగా వేలాడదీయాలని నిర్ణయించుకున్నాను. చేతిలో తొమ్మిది వారాలు ఉన్నాయి. చాలనిపించింది.

అమ్మ గుడ్డ మీద నేరుగా కత్తెర పెట్టే ధైర్యం లేదు. ముందు కొత్త గుడ్డ మీద నేర్చుకోవాలి. జులై 26 శనివారం చిక్‌పేట పక్కన మామూల్‌పేటకు వెళ్ళాను. మేముండేది హోసూరు రోడ్డులో కూడ్లు గేట్ దగ్గర. కె.ఆర్. మార్కెట్‌దాకా బస్సు, అక్కడి నుంచి నడక. నా ఆధార్ కార్డులో ఇంకా హిందూపురం చిరునామానే ఉంది కాబట్టి కర్ణాటక మహిళలకున్న ఉచిత బస్సు ప్రయాణం నాకు వర్తించలేదు, టికెట్టు కొన్నాను. పది గంటలకల్లా చేరితే నాకు కావలసిన దుకాణాలు తలుపులు తెరవలేదు. పదకొండు దాటాక ఒక్కొక్కటే షట్టర్ లేచింది. గంటకు పైగా మెట్ల మీద కూర్చున్నాను. వెళ్ళేవాళ్ళు నింపాదిగా బయలుదేరండి.

అక్కడ ఐడా గుడ్డ అని అడిగితే మొదటి రెండు దుకాణాల్లో లేదన్నారు. మూడో చోట మ్యాటీ అనగానే ఐదు తాన్లు తీసి పరిచారు. రెండూ ఒకటే. పేరు తెలియక నేను వెనక్కి వచ్చేసేదాన్ని. ఆ దుకాణదారుకు తెలుగు బాగా వచ్చు. అంగుళానికి ఎన్ని గళ్ళని అడిగితే ఆయన స్కేలు నా చేతికిచ్చి, "మీరే కొలుచుకోండమ్మా, తాను తానుకూ మారుతుంది," అన్నాడు. ఆ రోజు నేను విన్న అత్యంత విలువైన మాట అదే, కాని దాని విలువ నాకు సెప్టెంబర్‌లో గానీ అర్థం కాలేదు. స్కేలు పెట్టి, సూదితో గళ్ళు లెక్కించి, అంగుళానికి 14 ఉన్న తెల్ల గుడ్డ ఒక మీటరు తీసుకున్నాను. 260 రూపాయలు. ఆంకర్ కంపెనీ దారం లచ్చి 12 రూపాయల చొప్పున పద్నాలుగు. మొన మొండిగా ఉండే 24 నంబరు సూదుల పొట్లం 30. పదునైన సూది మ్యాటీకి పనికిరాదు. రంధ్రంలోకి దిగాల్సింది పోయి పోగును చీలుస్తుంది.

జులై 27 నుంచి ఆగస్టు 9 దాకా రోజూ రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర వరకు కుట్టాను. కొన్ని రాత్రులు ఆఫీసు పని వల్ల కుదరలేదు. ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులు విడదీసి, మూరెడు పొడవు కత్తిరించి వాడాలి. మూర దాటితే గుడ్డలోంచి లాగి లాగి దారం నూగు రేగుతుంది. నా మొదటి నమూనా తామర పువ్వు, 612 గళ్ళు. గంటకు వంద గళ్ళకు మించి నాకు సాగలేదు. వెనుక ముక్కకు చిన్న మామిడి పిందె, రెండు గంటల పని. ఒక రాత్రి నిద్రమత్తులో పది వరుసలు పై కాలు (గుణకారపు గుర్తులో రెండోసారి వేసే గీత) ఎదురు దిక్కుకు వేశాను. దగ్గరగా చూస్తే తెలియలేదు. పొద్దున కిటికీ దగ్గర పెడితే ఆ పది వరుసల మీద వెలుగు వేరుగా పడుతోంది, అక్కడ మరక పడినట్టే ఉంది. విప్పి మళ్ళీ వేశాను. అన్ని గళ్ళలో పై కాలు ఒకే దిక్కుకు ఉండాలన్నది బొమ్మ గుండ్రంగా తిరిగాక మరీ ముఖ్యం. ఏ కోణంలో చూసినా వెలుగు దాని మీదే ఆడుతుంది.

ఇంతవరకు నాకు తెలిసిన పనే. ఇక్కడి నుంచి తెలియని పని మొదలైంది.

ముక్కకు నాలుగు వైపులా గడికొక బ్యాక్ స్టిచ్ (ముందు కుట్టుకు ఆనుకుని వచ్చే కుట్టు) వేసుకుంటూ చదరంగా గీత కట్టాలి. నాది వైపుకు 42 గళ్ళు, సరిగ్గా మూడు అంగుళాలు. నాలుగు వైపులకు 168 కుట్లు. రెండో ముక్కకు కూడా అంతే. తరవాత గీతకు అర అంగుళం అవతల గుడ్డ కత్తిరించి, ఆ అంచును లోపలికి మడిచి, రెండు ముక్కల బ్యాక్ స్టిచ్‌లను జత జతగా దారంతో చుట్టుకుంటూ పోవాలి. సూది గుడ్డలోకి దిగదు, ఆ బ్యాక్ స్టిచ్‌ల కిందుగా మాత్రమే పోతుంది. ఒక ముక్క మూలను రెండో ముక్క అంచులో 21వ కుట్టు దగ్గర మొదలుపెట్టాలి. 42 సరి సంఖ్య కాబట్టి నడుమ కచ్చితంగా దొరుకుతుంది. బేసి సంఖ్య పెట్టుకుంటే నడుమే ఉండదు.

ఆగస్టు 10, ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను. ఐదు మూలలు బాగానే తిరిగాయి. ఆరో మూలకు వచ్చేసరికి అది నడుమకు ఒక కుట్టు ముందే వచ్చేసింది. గుడ్డను లాగాను, సర్దాను, ఒక కుట్టును రెండింటితో కలిపి చుట్టాను. బొమ్మ ఒక పక్కకు వాలిపోయింది. విప్పి లెక్కపెడితే మామిడి పిందె ముక్కకు ఒక వైపు 43 ఉన్నాయి. ఒక్క గడి. దానికోసం గంటన్నర అతుకు విప్పి, ఆ అంచంతా తీసేసి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. అప్పటికే గుడ్డ కత్తిరించేశాను, విప్పుతుంటే అంచు పోగులు పోగులుగా ఊడిపోతోంది. ఆ సాయంత్రం నేను ఏడ్చాను. అలసటవల్ల కొంత, అమ్మ గుడ్డ మీద ఇదే తప్పు చేసి ఉంటే ఏమయ్యేదన్న భయంవల్ల ఎక్కువ. ఊడిపోతున్న అంచుకు నీళ్ళు కలిపిన ఫెవికాల్ రాశాను. ఆరాక అట్టముక్కలా గట్టిపడి మడతకు లొంగలేదు. తరవాత వాటన్నిటికీ అంచు చుట్టూ చేత్తోనే వదులు కుట్టు వేశాను. అదే మంచి పద్ధతి. ఇంకా మంచిది, గీత కట్టడం పూర్తయి, రెండుసార్లు లెక్క సరిచూసుకునేదాకా అసలు కత్తెర ముట్టకపోవడం.

ఆగస్టు 15 శుక్రవారం సెలవు. పొద్దున పదింటికి మళ్ళీ అతకడం మొదలుపెట్టాను. ఈ పూట జరిగింది వివరంగా చెప్పాలి, ఎందుకంటే నన్ను ఈ పనికి కట్టేసింది ఆ పూటే.

మొదటి 21 కుట్లు రెండు తిన్నని అంచులను కలుపుతాయి, ఏ ఇబ్బందీ ఉండదు. మూల రాగానే పై ముక్క పక్కకు తిరుగుతుంది, కింది ముక్క మాత్రం తిన్నగానే సాగుతుంది. చేతిలో ఉన్నది నలిగిన గుడ్డలా అవుతుంది, తప్పు చేశామేమో అనిపిస్తుంది. అక్కడ ఆగకూడదు, లాగి సర్దకూడదు, కుట్టుకు కుట్టు జతచేస్తూ పోవాలి. ఇంకో 21 కుట్లకు కింది ముక్క తిరుగుతుంది. ఆ తరవాత పైది. నాలుగో మూల దాటాక గుడ్డ దానంతట అదే లోపలికి వంగి దొప్పలా అయింది. నేను వంచలేదు. మూలలు చెప్పినట్టు అది వంగింది. అంతవరకు బల్ల మీద పడుకున్న తామర పువ్వు తల ఎత్తింది. ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది. మా వారూ పాపా జెండా వందనానికి వెళ్ళారు, అత్తయ్య పూజలో ఉన్నారు. నేనొక్కదాన్నే దాన్ని అరచేతిలో పెట్టుకుని అలా కాసేపు కూర్చున్నాను.

చివర ఇరవై కుట్లు వదిలి అందులోంచి పాలియెస్టర్ దూది కూరాలి. అర కిలో పొట్లం 110 రూపాయలు, తొమ్మిది బొమ్మలకూ సరిపోయి మిగిలింది. ముందు మూలలు నింపాలి, గోరంత గోరంత ముక్కలుగా, పెన్సిలు మొండి కొసతో నెట్టుతూ. నేను మొదట పిడికెడు దూది ఒక్కసారే కూరాను. బొమ్మ బంతిలా ఉబ్బి మూలలు మాయమయ్యాయి. తీసి సగమే పెట్టాను. నడుమ బొత్తాం బిగించాక అది ఇంకా లోపలికి అణుగుతుంది కాబట్టి మూలల్లో గట్టిగా, నడుమ మెత్తగా ఉండాలి.

బొత్తాం దగ్గర మరో రెండు రోజులు పోయాయి. పైన ఒకటి, కింద ఒకటి, రెంటినీ ఒకే దారంతో లాగి బిగించాలి. మామూలు సూది ఆవలికి చేరదు. గోనెసంచులు కుట్టే దబ్బనం తీసుకుంటే గుడ్డలో పెద్ద బెజ్జం పడింది, అదృష్టవశాత్తు బొత్తాం కింద కప్పబడిపోయింది. బిగించి లాగుతుంటే రెండు పోగుల దారం తెగింది. ఆరు పోగులు వేస్తే అదీ తెగింది. ఆగస్టు 23న మళ్ళీ చిక్‌పేటకు వెళ్ళి పొడవాటి బొమ్మల సూది, జీన్స్ కుట్టే మందపాటి దారం తెచ్చాను. దారాన్ని కొవ్వొత్తి మీద రెండుసార్లు గీసి వాడితే ముడి జారదు. ఈసారి బస్సు ఎక్కలేదు. ఆ నెల 11 నుంచే మా వైపు పసుపు మార్గం మెట్రో నడుస్తోంది. కూడ్లు గేట్‌లో ఎక్కి, ఆర్.వి. రోడ్డులో ఆకుపచ్చ మార్గానికి మారితే నేరుగా చిక్‌పేట. అప్పట్లో రైలు 25 నిమిషాలకు ఒకటే, నేను ప్లాట్‌ఫాం చేరేసరికి ఒకటి వెళ్ళిపోతోంది. ఆ నిరీక్షణలో నిలబడే రెండో బొమ్మకు 60 గళ్ళు కుట్టాను.

ఆ రెండో బొమ్మ ఎరుపుది. లచ్చి చాలక పేరులేని ఎర్ర దారం ఒకటి పక్క దుకాణంలో కొని కలిపాను. కుట్టడం అయ్యాక చేతి మురికి పోవాలని చల్లని నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి, తెల్ల గుడ్డ మీద పువ్వు చుట్టూ లేత నీడ పడింది. నీళ్ళు మార్చి మార్చి ఐదుసార్లు నానబెడితే చాలావరకు పోయింది. కొత్త ఎరుపు ఏదైనా సరే, ముందు మూరెడు దారం తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడండి. అంతకుమించి ఆ బొమ్మ గురించి చెప్పడానికి లేదు. దానికి 11 గంటలు పట్టింది.

మధ్యలో ఆకారం మార్చి సమోసా బొమ్మలు రెండు చేశాను. ఇవి ఒకే ముక్కతో అవుతాయి. పొడవాటి ముక్కను మడిచి గొట్టంలా అతికి, ఒక కొసను అడ్డంగా, రెండో కొసను దానికి నిలువుగా కలిపితే నాలుగు ముఖాల బొమ్మ వస్తుంది. ఎత్తు, మడిచిన వెడల్పు కంటే కొంచెం తక్కువ ఉంటే ముఖాలు సమంగా వస్తాయి. నేను వెడల్పు 30 గళ్ళు, ఎత్తు 26 పెట్టాను. ఆరేసి గంటల్లో అయిపోయాయి. కొత్తగా మొదలుపెట్టేవారు బిస్కోర్ను కంటే ముందు ఇది చేయడం మేలని ఇప్పుడు అనిపిస్తోంది. ఘనం కూడా ప్రయత్నించాను. ఆరు ముక్కలు కుట్టి, లోపల అట్ట పెట్టినా అంచులు నిలవలేదు. నాలుగు గంటల తరవాత పక్కన పెట్టేశాను.

అమ్మ ఆగస్టు 30న వచ్చింది. అప్పటికి నా దగ్గర నాలుగు బొమ్మలు ఉన్నాయి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, తరవాత కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమింది. "తామర పువ్వు వెనకాల మూల ఒకటి బిగువు ఎక్కువైంది," అంది. నిజమే, 43 గళ్ళు విప్పి కట్టిన అంచు అది.

నేను మనసులో ఉన్నది చెప్పాను. ఆ టేబుల్ క్లాత్‌ను కోసి ఐదు బొమ్మలు చేస్తానని. ఆమె ఏమీ అనలేదు. నాలుగు రోజులు ఆ మాటే రాలేదు. నేనూ మళ్ళీ అడగలేదు. ఐదో రోజు పొద్దున తానే కుంకుడుకాయల రసంలో ఆ గుడ్డను నానబెట్టింది. మడతల చోట గోధుమరంగు గీతలు పూర్తిగా పోలేదు. కుట్టు దారం మాత్రం ఒక్క రంగూ కారలేదు.

ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, అలవాటుగా స్కేలు పెట్టాను. అంగుళానికి 11 గళ్ళు. నా కొత్త గుడ్డ 14. అంటే అమ్మ ముక్కకు వెనుక నా కొత్త గుడ్డ పెట్టడానికి వీల్లేదు. గళ్ళ లెక్క సరిపెడితే కొలత సరిపోదు, కొలత సరిపెడితే కుట్లు జత కుదరవు. మామూల్‌పేట దుకాణదారు మాట అప్పుడు గుర్తొచ్చింది. వెనుక ముక్కలు కూడా అమ్మ గుడ్డలోని ఖాళీ భాగంలోంచే తీయాలి. ఇంకో చిక్కు. అమ్మ నమూనాలు ఒక్కోటి 30 గళ్ళు, నడుమ ఖాళీ 16 గళ్ళే. నేను అనుకున్నట్టు 42 గళ్ళ చదరం తీస్తే అంచు మడతకు రెండేసి గళ్ళు మిగులుతాయి, అది కచ్చితంగా ఊడిపోతుంది. 36 గళ్ళకు తగ్గిస్తే అంచుకు ఐదేసి గళ్ళు దొరుకుతాయి, సుమారు అర అంగుళం. నడుమ 18 దగ్గర. కాగితం మీద మూడుసార్లు గీసుకుని చూశాను. కత్తిరించక ముందే, గుడ్డ ఒక్కటిగా ఉండగానే, పది చదరాలకూ గీత కట్టాను. ప్రతి వైపూ అమ్మ పక్కన కూర్చుని పైకి లెక్కపెడుతుంటే నేను సూది కొసతో చూపించాను.

సెప్టెంబర్ 6 శనివారం మధ్యాహ్నం కత్తెర తీసుకున్నాను. గుడ్డ అంచుకు ఆనించి కూడా కత్తిరించలేకపోయాను. చెయ్యి కదలలేదు. అమ్మ నా చేతిలోంచి కత్తెర తీసుకుంది. "నాకు గీత సరిగా కనబడదు, ఎక్కడో నువ్వు వేలు పెట్టి చూపించు," అంది. నేను వేలు జరుపుతూ పోయాను, వెనకాలే ఆమె కత్తిరించుకుంటూ వచ్చింది. 39 ఏళ్ళు మడతల్లో ఉన్న గుడ్డ. మొదటి కోత శబ్దం నాకు ఇంకా వినబడుతోంది. ఐదు నమూనాలు, ఐదు ఖాళీ ముక్కలు విడిపోయాక ఆమె వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, "ఇప్పుడు పని ముందుకు పోతుంది," అంది.

అసలు ఆశ్చర్యం ఆ రాత్రి. నేను ఒక ముక్క అతుకుతుంటే అమ్మ తీసుకుని చూసి, బ్యాక్ స్టిచ్‌ల మీద బొటనవేలు గోరు నడిపింది. ఒక్కో కుట్టు గింజలా గోరుకు తగులుతుంది. గళ్ళు లెక్కపెట్టడానికి కళ్ళు కావాలి, అతకడానికి అక్కర్లేదు. గోరు ఒక కుట్టు మీద ఆగుతుంది, సూది దాని కిందికి పోతుంది. మొండి సూది కాబట్టి వేలికి గుచ్చుకోదు. సూదిలో దారం ఎక్కించడం మాత్రం ఆమెకు కుదరదు, నేను పొద్దున ఆఫీసుకు వెళ్ళే ముందు ఆరు సూదులకు ఎక్కించి దిండుకు గుచ్చిపెట్టేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి ఖాళీ సూదులు ఉండేవి. ఐదు బొమ్మల్లో నాలుగు అమ్మ అతికినవే. నావాటి కన్నా వాటి మూలలు తేటగా ఉన్నాయి, ఎందుకంటే ఆమె ఎక్కడా లాగలేదు.

ఈ ఐదింటికీ ఒక మార్పు చేయాల్సి వచ్చింది. 11 గళ్ళ గుడ్డకు రంధ్రాలు పెద్దవి, లోపలి దూది నూగు బయటికి కనబడుతుంది. నాన్న పాత పంచె ముక్కను లోపల చిన్న సంచీలా కుట్టి, దాంట్లో దూది నింపి పెట్టాము. బూరుగు దూది అయితే మెత్తగా ఉంటుందని అమ్మ అంది. పాత దిండు విప్పి ఒకసారి ప్రయత్నిస్తే ఆ నూగు ఇల్లంతా ఎగిరి పాపకు తుమ్ములు పట్టుకున్నాయి. మళ్ళీ పాలియెస్టర్ దూదికే వచ్చాము. నమూనాలు ఎప్పుడో కుట్టి ఉన్నాయి కాబట్టి ఒక్కోదానికి ఐదు గంటలే పట్టింది. సెప్టెంబర్ 20 రాత్రి తొమ్మిదోది పూర్తయింది.

ఖర్చు మొత్తం 878 రూపాయలు, చార్జీలు కాక. గుడ్డ, దారం, సూదులు, దూది కాకుండా బొత్తాలు పద్దెనిమిది 90, పూసలు 40, చిన్న కత్తెర 120, పొడవాటి సూది 60. తొమ్మిది బొమ్మలకు 62 గంటలు, పక్కన పెట్టిన ఘనానికి నాలుగు గంటలు విడిగా. అమ్మ ఐదు నమూనాలకు 1986లో పట్టిన కాలం దీంట్లో లేదు. ఎంత పట్టిందో ఆమెకు గుర్తు లేదు.

21వ తేదీ, అమావాస్య సాయంత్రం అత్తయ్య మెట్లు వేయించి, చెక్క మరపాచి బొమ్మలకు చీర కడుతున్నారు. నేను బొమ్మల పెట్టె తెచ్చి ముందు పెట్టాను. ఆవిడ అమ్మ అతికిన మొదటిదాన్ని తీసి, బొత్తాం నొక్కుకున్న చోట వేలు పెట్టి, చుట్టూ మూలలు లెక్కపెట్టారు. "ఎనిమిది. వదినగారూ, ఇది అష్టదళ పద్మం కదా," అన్నారు. రెండు నెలలుగా రోజూ చూస్తున్నాను, నాకు తట్టలేదు. వాకిట్లో ఏళ్ళుగా వేస్తున్న ముగ్గు అది. ఆవిడ దాన్ని తోరణంలో కట్టనివ్వలేదు. పై మెట్టు మీద, కలశం ముందు పెట్టారు. మిగతా ఎనిమిదింటినీ పాప దారానికి గుచ్చింది. పేరంటానికి వచ్చిన పక్కింటి కన్నడ ఆవిడ రెండు రోజులు వరుసగా వచ్చి అతుకు ఎలా వేస్తారో నేర్చుకుని వెళ్ళింది.

ఆరో చదరం అలాగే ఉంది, సగం హంస. దానికీ వెనుక ముక్కకూ గీత కట్టాను, కత్తిరించాను, అతకలేదు. అతికితే ఇంక లోపల సూది తిప్పడానికి ఉండదు, ముక్కూ కాలూ లేకుండానే మూసుకుపోతుంది. నేను పూర్తిచేయనా అని అమ్మను అడిగాను. వద్దంది. నవంబర్‌లో ఎడమ కంటికి ఆపరేషన్ ఉంది, అది అయ్యాక తానే వేస్తానంది. ముక్కుకు ఏడు గళ్ళు, కాలికి పదకొండు. అక్టోబర్ 5న ఊరికి వెళ్ళినప్పుడు రెండు ముక్కలనూ జతచేసి వదులుగా కుట్టి, పాత నారింజ లచ్చిలోంచి రెండు పోగులు తీసి సూదికి ఎక్కించి, హంస మెడ దగ్గరే గుచ్చి ఆమె ట్రంకు పెట్టెలో పైన పెట్టి వచ్చాను.